తుక్కుతో డబ్బుసంచి

ప్రతి సంవత్సరమును మన పాఠశాల వార్షికోత్సవమునకు ముందు వస్తుప్రదర్శనము జరుగుచుండుట పాఠకులెఱిగినదే. అందు "పనికిరాని వస్తువులతో పనికివచ్చు వస్తువులు" అను బల్ల యొకటి యుండును. ఆ బల్లపై డబ్బుసంచులు, అనగా నేడు పర్సులని వాడుకగా పిలువబడునవి, అన్నిటికంటె నెక్కువగా కానవచ్చును. తండ్రులు వాటిని చేతికెత్తుకొని మెచ్చుకొందురు. తల్లులు జిప్పు లాగి చూతురు. ముఖ్య అతిథిగారు ఒకదానిని తెఱచి మూసి "భేష్" అందురు. మరునాడు ఆ సంచులేమగునో ఎవరును అడుగరు. మేమడిగి చూచితిమి. వాటిలో అధికభాగము అట్టపెట్టెలో చేరి బీరువాపై దుమ్ము పట్టియున్నవి. తుక్కునుండి పుట్టినది మరల తుక్కులోనే కలిసినది. నడుమ ఒక్క దినమైనను ఎవరి జేబులోను ఒక రూపాయి మోసి యెఱుగదు. ఈ సంగతినిగూర్చియే మా యభిప్రాయమును మొగమాటము లేక వ్రాయదలచితిమి.

ఆ సంచులను దగ్గఱగా పరికించినవారికి ఒక వింత తోచును. లోపలనున్న పాలప్యాకెట్టు మాత్రమే పాతది. దానిపై కప్పిన శాటిను గుడ్డ క్రొత్తది, జరీపట్టీ క్రొత్తది, అద్దపు బిళ్లలు క్రొత్తవి, జిగురుసీసా ఆ దినమే విప్పినది. ఒక్క పాత ముక్కను దాచుటకు నాలుగు క్రొత్త వస్తువులు కొనబడినవన్నమాట. మఱియు ఆ కుట్టు పదమూడేండ్ల బాలుని చేతికుట్టు కాదనియు, రాత్రి పదకొండు గంటలకు ఇంటి పనులు ముగించుకొని తల్లి కుట్టినదనియు కనుగొనుటకు గొప్ప పాండిత్యమక్కఱలేదు. ఆ తల్లులను మేము నిందింపము. చూచిన దినముననే మార్కులు వేయు ఏర్పాటు ఉన్నంతకాలము చూపునకు మెఱయు వస్తువులే వచ్చును గాని వాడుకకు నిలుచు వస్తువులు రావు.

పాత ముక్కలతో సంచి కుట్టుట మన సీమకు క్రొత్త విద్య కాదు. మగవారు డబ్బును రొంటిని దోపుకొనుటయు, ఆడువారు కొంగున ముడివేసికొనుటయు అందఱు ఎఱిగినదే. ఇవిగాక ముసలమ్మల వక్కాకు సంచి యొకటి కలదు. రాయలసీమ పల్లెలలో పెరిగినవారు దానిని తప్పక చూచియుందురు. రవికగుడ్డల ముక్కలు, చీరెయంచులు చేర్చి కుట్టిన ఆ చిన్న సంచిలో ఆకులకొక యర, వక్కలకొక యర, సున్నపు డబ్బీకొక యర యుండి, డబ్బులకు మాత్రము అన్నిటికంటె లోపలి యర యుండెడిది. త్రాడు లాగినతోడనే మూతి ముడుచుకొనును. చీకటిలో సైతము అవ్వ చేయి తిన్నగా తనకు కావలసిన యరలోనికే పోవును. దానికి ఎవరును బహుమానమీయలేదు, ఏ బల్లపైనను పెట్టలేదు. అయినను అందలి ప్రతి యరకును కారణము కలదు. మన ప్రదర్శనపు సంచులలో అరలు ఎన్ని యున్నవో చెప్పగల బాలురు కలరు గాని, ఏలయున్నవో చెప్పగలవారు అరుదు.

బొంతలనుగూర్చియు ఇట్లే చెప్పవచ్చును. ఒక చీరె చిరిగిన తరువాత పిల్లలకు పక్కగుడ్డయై, ఆ తరువాత బొంతలో పొరయై, కడపట మసిగుడ్డయై గాని పొయ్యిలోనికి పోయెడిది కాదు. ఇది పేదఱికపు గుర్తని కొందఱి తలంపు. యోహాను సువార్త ఆఱవ అధ్యాయమున అయిదువేలమంది తృప్తిగా భుజించిన పిమ్మట మిగిలిన ముక్కలు ప్రోగుచేయబడి పండ్రెండు గంపలు నిండినవి. ఆ ముక్కలను ఏరుమని ప్రభువు సెలవిచ్చినది కొఱత కలిగినప్పుడు కాదు, కడుపులు నిండిన తరువాతనే యని మేము మా తరగతులలో తఱచుగా గుర్తుచేయుచుందుము.

ఇక విద్యార్థులలో తెలివిగలవారు కొందఱు, "2016 నుండి ఫోనుతోనే డబ్బు చెల్లించు పద్ధతి వచ్చియుండగా డబ్బుసంచి యేల?" యని ప్రశ్నింతురు. ప్రశ్న బాగుగనే యున్నది. కాని బడికి ఫోను తెచ్చుటకు వీలులేదు. ఆదివారము కానుకపళ్లెములో ఫోను వేయుదురా? బస్సు సంగతియు చూడుడు. తెలంగాణములో 2023 డిసెంబరునుండియు, ఆంధ్రప్రదేశమున 2025 ఆగస్టునుండియు స్త్రీలకు నిర్ణీతమైన బస్సులలో ఉచిత ప్రయాణము ఏర్పడినది గదా. అందులకు గుర్తింపుకార్డు చూపవలెను. ఆ కార్డు పుస్తకముల నడుమ నలిగి, కనబడక, కండక్టరు ఎదుట బాలికలు సంచి యంతయు వెదకుకొనుట మేమెఱుగుదుము. వారికి కావలసినది సరియైన కొలతగల చిన్న సంచి.

కొలత యనగానే పని చదువులోనికి ప్రవేశించును. డబ్బుసంచి ఎంతయుండవలెననునది మన యిష్టాయిష్టములతో తేలునది కాదు, అందు పెట్టు వస్తువే దానిని తేల్చును. ఇప్పటి అయిదువందల రూపాయల నోటు పొడవు 150 మిల్లీమీటర్లు, వెడల్పు 66 మిల్లీమీటర్లు. నూఱు రూపాయల నోటు వెడల్పు అంతయే, పొడవు 142. కాబట్టి నోటునకు కొంత సందు, క్రింద కుట్టునకు కొంత చోటు విడిచినయెడల సంచి యెత్తు 85 మిల్లీమీటర్లకు తక్కువ కారాదు. నోటును బట్టియే వెడల్పును గూడ నిర్ణయించి, మడచిన సంచి 80 మిల్లీమీటర్లుండిన చాలునని లెక్కించినవాడు మోసపోవును. ఏలయన బ్యాంకు కార్డు పొడవు 85.6 మిల్లీమీటర్లు. అది నోటువలె మడువబడదు. దానికి సందును ఇరువైపుల కుట్టును కలిపిన మడత యొక్కటి 98 మిల్లీమీటర్ల వఱకు వచ్చును, విప్పిన సంచి దాదాపు 200. ఎత్తును నోటు శాసించును, వెడల్పును కార్డు శాసించును. ఈ రెండు మాటలు బాలుడు తనంతట కొలబద్ద పట్టి కనుగొన్నచో పుస్తకములోని దశాంశభిన్నములు వానికి బ్రదికివచ్చును. నాన్నగారి పాత పర్సు ఏల అంత పెద్దదిగా నున్నదో కూడ తెలియును. 2016 నవంబరులో రద్దయిన పాత అయిదువందల నోటు 167 మిల్లీమీటర్ల పొడవును, 73 మిల్లీమీటర్ల వెడల్పును గలది.

"పదవ తరగతి పరీక్షలు ముంచుకొని వచ్చుచుండగా కుట్టుపని యేల?" యని కోపగించు తండ్రులకు ఇంకొక్క లెక్క చూపుదుము. రెండు పొరలను సమానమైన పొడవున కత్తిరించి చుట్టును కుట్టి మడచి చూడుడు. లోపలి పొర ముడతలుపడి ఉబ్బును, సంచి సరిగా మూసికొనదు. కారణమేమి? మడతయొద్ద వెలుపలి పొర పెద్ద అర్ధవృత్తముపై నడచును, లోపలి పొర చిన్న అర్ధవృత్తముపై నడచును. రెండు పొరల నడుమ దూరము 2 మిల్లీమీటర్లయినచో ఆ రెండు అర్ధవృత్తముల పొడవులలో భేదము 3.14ను 2తో హెచ్చవేయగా వచ్చినది, అనగా 6 మిల్లీమీటర్లకు కొంచెము పైన. అంతమేరకు లోపలి పొరను పొట్టిగా కత్తిరించినచో సంచి పుస్తకమువలె చదునుగా మూసికొనును. వృత్తపరిధి సూత్రమును నూఱుమార్లు వల్లించినవానికంటె ఒక్కమారు ముడతపడిన సంచిని విప్పి తిరిగి కుట్టినవాడు దానిని గట్టిగా జ్ఞాపకముంచుకొనునని మా దృఢవిశ్వాసము. ఆ లెక్కను ముందుగా వార్తాపత్రిక కాగితముపై నమూనాగా కత్తిరించి సరిచూచుకొనుట యుక్తము. కాగితము చెడినను నష్టములేదు.

కుట్టునుగూర్చియు కొంత చెప్పవలెను. గుడ్డకు దగ్గఱ దగ్గఱ కుట్లు బలము. తోలునకును రెక్సినునకును అట్లు కాదు. రంధ్రములు మిక్కిలి దగ్గఱగా పొడిచినచో తపాలాబిళ్లల నడుమనుండు రంధ్రములవలెనై అక్కడనే చినుగును. 3 లేక 4 మిల్లీమీటర్ల యెడము ఉండవలెను. ఒకే దారమునకు రెండు కొనల రెండు సూదులు ఎక్కించి, ప్రతి రంధ్రములోనికి ఇరుప్రక్కలనుండియు వాటిని దూర్చు పద్ధతి యన్నిటికంటె మేలైనది. అట్టి కుట్టులో ఒకచోట దారము తెగినను తక్కినది ఊడిపోదు. మిషనుకుట్టు అంత గట్టిది కాదు, ఒకచోట తెగి లాగబడినచో వరుసయంతయు సడలును. దారమునకు మైనము రాచుకొన్నచో తడికి ఓర్చును. కొవ్వొత్తి ముక్క చాలును.

ముక్కలలో ఏవి మంచివి? మొదటిసారి కుట్టువారికి పాత జీన్సు ప్యాంటు కాళ్లు అన్నిటికంటె మేలు. పాలప్యాకెట్లను ఇస్త్రీపెట్టెతో అతుకు పద్ధతిని మేము అంతగా మెచ్చము. సిమెంటుసంచి నేత బలమైనదే గాని యెండలో పడియున్న సంచి పొడియై రాలును, నీడనున్నదానినే తీసికొనవలెను. ఇక మన వీధులలో కొదువలేనిది ఫ్లెక్సు. ఎన్నికలు ముగిసిన తరువాత అది ఎంత దొరకునో చెప్పనక్కఱలేదు. మన బాలుడొకడు కుట్టిన సంచిపై ఒక నాయకుని మీసము సగమే వచ్చినది. తక్కిన సగము వాని స్నేహితుని సంచిపై నున్నది. రెండు సంచులును గట్టివే. లోపల పాలియెస్టరు దారముల వలయు, దానికి ఇరువైపుల పి.వి.సి. పూతయు నుండుటచేత దాని యంచులు పీలికలు కావు, మడచి కుట్టనక్కఱయు లేదు. కాని రెండు జాగ్రత్తలు అవసరము. దానిని కొవ్వొత్తి మంటపై కాల్చి అంటింపరాదు. ఆ పొగలో ఘాటైన ఆమ్లవాయువు వెలువడి కండ్లకును ఊపిరితిత్తులకును హానిచేయును. ముద్రించిన కాగితములను ఆ పూతకు తగులనిచ్చినచో సిరా దానికి అంటుకొనును గనుక లోపల గుడ్డయర కుట్టవలెను.

ఇంతవఱకు మేము వ్రాసినదానిపై ఎవరికిని కోపము రాదని యెఱుగుదుము. ఇక చెప్పబోవు వస్తువు తోలు.

డబ్బుసంచికి తోలును మించిన పదార్థము లేదు. చెప్పులు కుట్టువారియొద్దను బ్యాగులు బాగుచేయు అంగళ్లలోను అరచేయి వెడల్పు ముక్కలు దినదినమును పాఱవేయబడుచున్నవి. తంగేడు చెక్కతో పదునుచేసిన తోలు చేతి చమురు పట్టిన కొలదియు నలుపెక్కి మెత్తనై, ఏండ్లు గడచినకొద్ది యందగించును. ఈ ముక్కలను తరగతికి తెచ్చినపుడు మాకు రెండు వైపులనుండి అభ్యంతరములు వచ్చినవి.

ఒక తండ్రి కార్యాలయమునకు వచ్చి, "మాస్టరుగారూ, మా తాత లంద దగ్గఱనే బ్రదికి లంద దగ్గఱనే కన్నుమూసినాడు. మా నాయన చెప్పులు కుట్టి నన్ను చదివించినాడు. నేను గుమాస్తానైనాను. ఇప్పుడు నా కొడుకు చేతికి మీరు మరల ఆరె యిచ్చెదరా?" యని యడిగెను. ఆయన కన్నులు చెమ్మగిలియుండెను. ఆయన మాదిగ కులస్థుడనియు, ఆ ప్రశ్న ఆయన యొక్కనిది కాదనియు వేఱుగా చెప్పనక్కఱలేదు. రెండవ యభ్యంతరము వేఱొక ఇంటినుండి వచ్చినది. "మా యింట తోలు ముట్టుకొను ఆచారము లేదు. మా పిల్లవానికి గుడ్డముక్క యిచ్చిన చాలును" అని యొకరు చెప్పిరి. ఆ మాట చెప్పిన పెద్దమనుష్యుని నడుమున తోలుపట్టీయు, కాళ్లకు తోలుచెప్పులును ఉండెను. ఇట్టి మాట యాడినవారిలో క్రైస్తవులును కలరని వ్రాయుటకు చేయి వెనుదీయుచున్నది గాని వ్రాయక తప్పదు.

ఈ రెండు అభ్యంతరములును ఒక్కటి కావు. మొదటిది గాయము, రెండవది ఆ గాయము చేసిన కత్తి. మొదటి తండ్రి చెప్పినది న్యాయము. ఆయన కుమారుని చేతికి మాత్రమే ఆరె యిచ్చి, తక్కినవారికి శాటినుగుడ్డ యిచ్చు పాఠశాల పాఠశాల కాదు. కాని దానికి విరుగుడు ఆరెను గదినుండి వెడలగొట్టుట కాదని మా మతము. అట్లు చేసినచో ఆ పని నీచమైనదని మనమే ముద్రవేసినవారమగుదుము. ఆరె అందఱి చేతులలోనికి పోవలెను. ఎవరి కుమారుడైనను, ఎవరి కుమార్తెయైనను, ఎనిమిదవ తరగతిలో ఒక వరుస తోలుకుట్టు కుట్టియే తీరవలెను. ఉపాధ్యాయులు ముందుగా కుట్టి చూపవలెను. కుట్టనొల్లనివారికి వేఱు వస్తువు ఈయరాదు.

మిషను పాఠశాలలో ఈ మాట చెప్పుటకు సంకోచమేల? పేతురు యొప్పేలో అనేక దినములు బసచేసినది చర్మకారుడైన సీమోను ఇంటనే గదా. ఏదియు నిషిద్ధమని యెంచరాదను దర్శనము అతనికి కలిగినదియు ఆ బసలోనే. విలియము కేరీ ఇంగ్లండులో చెప్పులు కుట్టు పని నేర్చి, ఆ పనితో జీవించినవాడు. 1793లో వంగదేశమునకు వచ్చి, 1814లో శ్రీరామపురమునుండి మన తెలుగుభాషకు వ్యాకరణమును అచ్చొత్తించినది ఆ చేతులే. ఒంగోలు ప్రాంతమున 1866లో బాప్తిస్మము పొంది వేలమందికి దారిచూపిన యెఱ్ఱగుంట్ల పేరయ్య తోళ్ల వర్తకుడు. ఆ జనుల చరిత్రమును 1899లో గ్రంథముగా ప్రకటించిన క్లౌ దొరసానిగారు దానికి "చెప్పులు కుట్టుచు" అను అర్థము వచ్చు పేరే పెట్టిరి. మన సంఘముల మూలపురుషులలో అనేకుల చేతులకు తంగేడు చెక్క మరక యుండెను. ఆ మరకను దాచుకొనుట మనకు తగునా?

చేతిపనిని చదువునకు నడిమిగా నుంచవలెనని 1937లో వార్ధాలో గాంధీగారు ప్రతిపాదించిరి. ఆయన స్వయముగా దక్షిణాఫ్రికాలో చెప్పులు కుట్టి జనరల్ స్మట్సుకు ఒక జత యిచ్చినవారు. 2020 నాటి జాతీయ విద్యావిధానమును, ఆఱు మొదలు ఎనిమిది వఱకు గల తరగతుల పిల్లలు పది దినములు పుస్తకముల సంచి లేక స్థానిక వృత్తికారులయొద్ద పని నేర్వవలెనని చెప్పి, ఉదాహరణముగా వడ్రంగిని, తోటమాలిని, కుమ్మరిని, చిత్రకారుని పేర్కొన్నది. ఆ వరుసలో మేము చెప్పులు కుట్టువారిని చేర్చుచున్నాము. మన బడి ద్వారమునకు ఎదురుగా చెట్టు క్రింద కూర్చుండు పెద్దాయనను ఆ పది దినములలో రెండు దినములు లోపలికి పిలువవలెను. ఆయనకు కుర్చీ వేయవలెను. ఆయన ఆ దినములలో పోగొట్టుకొను కూలికి తక్కువ కాని గౌరవవేతనము ఈయవలెను. పిల్లలు ఆయనను "గురువుగారూ" అని పిలువవలెను. ఇది బడ్జెటులో లేని ఖర్చని కార్యాలయమువారు అనవచ్చును. ముఖ్య అతిథిగారి పూలదండలో రెండు మూరలు తగ్గించినచో కొంత కూడును.

మార్కుల సంగతి యొకటి మిగిలినది. మా సూచన యేమనగా, ప్రదర్శనము నాడు సగము మార్కులే వేయవలెను. ఆగస్టులో కుట్టిన సంచిని ఆఱు మాసములు జేబులో నుంచుకొని వాడి, ఫిబ్రవరిలో తిరిగి చూపినవారికి తక్కిన సగము. అప్పుడు చూడవలసినవి మూలలు, మడత, చిల్లరయర. పది రూపాయల నాణెపు వ్యాసము 27 మిల్లీమీటర్లు. అది జాఱిపోకుండ నిలిచినదా? ఎక్కడ తెగినది, ఏల తెగినది, ఎట్లు బాగుచేసితివి యని యొక పుట వ్రాయించవలెను. చెక్కుచెదరని సంచికంటె తెగి తిరిగి కుట్టబడిన సంచికి రెండు మార్కులు ఎక్కువ యిచ్చుటకు మేము సిద్ధముగా నున్నాము. చెక్కుచెదరనిది బీరువాలో నుండెనేమో యెవరికెఱుక!

తల్లిదండ్రులకు మనవి. జూను మాసమున బడి తెఱచిన తరువాత ముక్కలు సేకరింపబడును. క్రొత్తగా కొన్న వస్తువేదియు పంపవలదు, పంపినను త్రిప్పి పంపెదము. పాత ప్యాంట్లు, రెక్సిను ముక్కలు, తెగిన తోలుపట్టీలు, చిరిగిన గొడుగుగుడ్డలు ఉతికి యారవేసి పంపవచ్చును. జిప్పులను, గుండీలను ఊడదీయవలదు, అవియు పనికివచ్చును. జేబులు మాత్రము వెదకి పంపుడు. క్రిందటిసారి వచ్చిన యొక నీలిరంగు ప్యాంటు జేబులో ఇరువది రూపాయల నోటు దొరికినది. అది కార్యాలయమున భద్రముగా నున్నది. ప్యాంటు గుర్తు చెప్పినవారు వచ్చి తీసికొనవచ్చును.